మీ అమ్మను మంచానికి కట్టెయ్యకు

చిట్టీ,

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే జబ్బు) ఉన్న అమ్మను ఉద్యోగానికి సెలవు పెట్టి నువ్వే చూసుకుంటానన్నావని తెలిసి కళ్ళు చెమర్చాయి. కానీ "అమ్మను కాలు కింద పెట్టనివ్వను" అన్నావట. ఆ మాట ఇంకోసారి అనకు.

ఇన్‌హేలర్ సరిగ్గా పీలుస్తోందో లేదో డాక్టర్ ఎదుటే చూపించమను. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్ కొను.

మీ పెద్ద మామయ్యకీ సీఓపీడీనే. పిల్లలు ప్రేమకొద్దీ ఆయన్ని మంచం దిగనివ్వలేదు. నీళ్ళూ అన్నమూ అన్నీ మంచం దగ్గరికే. లేవబోతే "వద్దు నాన్నా, ఆయాసం వస్తుంది" అనేవాళ్ళు. ఫిజియోథెరపీ చేసేదాన్ని, నడిపించండ్రా అంటే పెద్దాయన్ని కష్టపెట్టమంటావా అని నామీదే కోప్పడ్డారు. కొన్ని నెలలకే తొడలు చిక్కిపోయాయి. ఊపిరితిత్తుల పరీక్షలో పెద్ద తేడా లేదు, ఆయాసం మాత్రం బాగా పెరిగింది. వాడని కండరానికి ఆక్సిజన్‌ని వాడుకునే శక్తి తగ్గిపోతుందమ్మా. నాలుగడుగులకే లాక్టిక్ ఆమ్లం పేరుకుని, ఊపిరి ఇంకా ఎక్కువ తీయాల్సి వస్తుంది. ఆయాసమని కూర్చుంటే కాళ్ళు నీరసిస్తాయి, కాళ్ళు నీరసిస్తే ఆయాసం పెరుగుతుంది. జబ్బు ఎక్కువైనప్పుడల్లా వాడిన స్టెరాయిడ్ మాత్రలూ కండరాన్ని కరిగించాయి. చివరికి బాత్రూంలో పీట మీంచి లేవబోయి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మళ్ళీ నడవలేదు.

మీ అమ్మ, అదే మా అక్క, ఎప్పుడూ సిగరెట్ ముట్టింది కాదు. చిన్నప్పుడు కట్టెల పొయ్యి ముందు మా అమ్మ పక్కన కూర్చుని ఊదింది. నేను ఊదబోతే "నువ్వెళ్ళి చదువుకో" అని లేపి పంపేది. ఆ పొగ నా వంతు కూడా తనే పీల్చింది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

డాక్టర్ సరేనన్నాక, గోడకి ఆనించిన కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టు. లేచేటప్పుడు ఈల వేస్తున్నట్టు పెదాలు సన్నగా చేసి ఊపిరి వదలాలి. కాస్త ఆయాసం వస్తే బెదరకు, మాట్లాడగలిగితే చాలు. ఆక్సిజన్ 88 శాతం కంటే తగ్గినా, ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం ఉన్నా ఆపెయ్యి. కాళ్ళ వ్యాయామం వారానికి 2, 3 సార్లు, నడక వీలైనన్ని రోజులు. తేడా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది, ఈలోపు నీరుగారిపోకు. గుడ్డు, చేప, పప్పు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టు, కడుపు బిగిస్తే ఊపిరాడదు. స్టెరాయిడ్ మాత్రల గురించి డాక్టర్‌ని అడుగు, నీ అంతట నువ్వు ఆపకు.

మొక్కలకి నీళ్ళు పోస్తానంటే అమ్మ చేతిలో చెంబు లాక్కోకు, వెనకాలే ఉండు. వచ్చే నెల నేనూ వస్తాను. ఆలోపు బాత్రూం గోడకి పట్టుకునే కడ్డీ బిగించు. రేపే మేస్త్రీని పిలు.

నీ పిన్ని