పన్నెండో తరగతి ముందు ఊరు మారాలా?

ప్రశ్న: పదకొండేళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. మావారికి సియాటిల్‌లో మంచి ఆఫర్ వచ్చింది, జూన్‌లో చేరాలి. అమ్మాయి ఇప్పుడు పదకొండో తరగతి. ‘ఇంకొక్క ఏడాది ఆగండి, నా క్లాస్‌తోనే గ్రాడ్యుయేట్ అవుతాను’ అని ఏడుస్తోంది. మూడు వారాలుగా వాళ్ల నాన్నతో మాట్లాడటం లేదు. కంచం గదిలోకి తీసుకెళ్లి తింటోంది. ‘నేను టెన్త్ అవ్వగానే హాస్టల్‌కి పోలేదా, నాకేమైంది’ అంటారు ఆయన. అదే మనిషి మొన్న సంక్రాంతికి టెన్త్ బ్యాచ్ కలుస్తోందని వారం రోజుల కోసం ఇండియా వెళ్లొచ్చారు. పిల్లది మొండికేస్తోందా, మేమే గారాబం చేసి చెడగొట్టామా?

జవాబు: మొండితనం కాదమ్మా. ఏం పోగొట్టుకుంటుందో ఆ పిల్లకి బాగా తెలుసు. మీ ఇద్దరికీ అది కనపడకపోవడానికి కారణం మనం చదువుకున్న తీరు. మనకు పదో తరగతితోనే క్లాసు చెల్లాచెదురైపోతుంది. ఆ తర్వాత ఎవరు ఏ ఊళ్లో ఏ కాలేజీలో తేలతారో తెలీదు. జూనియర్ ఇంటర్, సీనియర్ ఇంటర్ అంటూ స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టులు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేయడాలు. పక్కన కూర్చున్నవాడితో చనువు పెరిగేలోపే ఎంసెట్ (ఇప్పుడది ఈఏపీసెట్) వచ్చేస్తుంది.

అమెరికాలో హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు. 2023 ఆగస్టులో ఫ్రెష్‌మన్‌గా, అంటే తొమ్మిదో తరగతిలో, అడుగుపెట్టినప్పుడే ఆ పిల్లలకు ‘క్లాస్ ఆఫ్ 2027’ అని పేరు పడిపోయింది, 2027లో పన్నెండు పూర్తిచేసి గ్రాడ్యుయేట్ అయ్యేవాళ్లని. వాళ్లకది దాదాపు ఇంటిపేరు. వచ్చే ఆగస్టులో అది వదిలేసి కొత్త ఊళ్లో సీనియర్‌గా, అంటే పన్నెండులో, చేరితే, అంకె అదే ఉంటుంది, పక్కన నిలబడేవాళ్లు మాత్రం వేరే.

మీరున్నది టెక్సాస్ కాబట్టి హోమ్‌కమింగ్ (పాత విద్యార్థుల్ని కూడా పిలిచే ఏటా స్కూలు వేడుక) ‘మమ్’ చూసే ఉంటారు. ఫుట్‌బాల్ సీజన్‌లో అమ్మాయిలు గుండెల మీద తగిలించుకునే గుడ్డతో చేసిన పెద్ద చామంతిపువ్వు లాంటిది, దానికి మోకాళ్ల దాకా వేలాడే రిబ్బన్లు, చిన్న చిన్న గంటలు. చామంతి దండలు గుమ్మానికి కట్టే ఇంట్లో పుట్టినదాన్ని, మొదటిసారి ఒకావిడ ఫోటో చూపిస్తే నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆవిడే చెప్పింది, చాలా స్కూళ్లలో చిన్న క్లాసులవాళ్లు స్కూలు రంగుల్లో పెట్టుకుంటారట, తెలుపూ వెండీ కలిసిన మమ్ మాత్రం సీనియర్లకేనట. మీ అమ్మాయి మూడేళ్లుగా వరండాల్లో ఆ గంటల చప్పుడు విని పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఈసారి తన వంతు. ఆ తర్వాత ప్రామ్ అనే డాన్స్ పార్టీ, ఏడాది చివర్లో గౌను వేసుకుని వేదిక ఎక్కి, టోపీకున్న కుచ్చు కుడి నుంచి ఎడమకి తిప్పుకోవడం. ఇవి మనకు వేడుకల్లా కనిపిస్తాయి. తనకి నాలుగేళ్లు నడిచిన దారికి చివర ఉన్నవి.

మీవారితో వాదన పెట్టుకోవద్దు. ఆ సంక్రాంతి ఫోటో ఒకటి బయటికి తీయించండి. వేదిక మీద ఫ్లెక్సీ, మాస్టార్లకి శాలువాలు, పక్కన నవ్వుతూ ఆయన. ‘మీరు తొమ్మిదిలో ఉండగా మామయ్యగారికి ట్రాన్స్‌ఫర్ అయ్యుంటే ఈ ఫోటోలో ఉండేవారా’ అని అడగండి. ఎగతాళిగా కాదు, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు.

ఇక చదువు సంగతి. ఇది ఆయనకి ఎక్కువ పట్టొచ్చు. కాలేజీ అప్లికేషన్లకు సిఫార్సు లేఖలు సాధారణంగా పదకొండో తరగతి టీచర్లు రాస్తారు. ముందస్తు (‘ఎర్లీ’) అప్లికేషన్ల గడువులు చాలావరకు నవంబరు మొదట్లోనే వస్తాయి. ఆగస్టులో కొత్త స్కూల్లో చేరితే అక్కడి కౌన్సెలర్‌కి అప్పటికి తన ముఖం కూడా సరిగ్గా గుర్తుండదు. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం స్కూల్లో పై 10 శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఉంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ ఒక్కటే 2026 ప్రవేశాల నుంచి పై 5 శాతాన్నే అలా తీసుకుంటోంది. మీ అమ్మాయి ర్యాంకు బాగున్నా ఊరు మారితే అది చేజారిపోతుంది, రాష్ట్రం బయట చదివి పాసైతే ఈ దారి లేదు. గ్రాడ్యుయేషన్‌కి కావాల్సిన క్రెడిట్ల లెక్క, ఇన్-స్టేట్ ఫీజు (సొంత రాష్ట్రం పిల్లలకుండే తక్కువ ఫీజు) ఎక్కడ వర్తిస్తుందన్న సంగతి రెండు రాష్ట్రాల్లోనూ మెయిల్ పెట్టి రాతలో తెచ్చుకోండి. వాట్సాప్‌లో వదినగారు చెప్పింది నమ్మొద్దు.

నా అభిప్రాయం అడిగితే, ఆయన ముందు వెళ్లాలి, మీరూ అమ్మాయీ ఏడాది ఆగాలి. విమానంలో నాలుగు గంటల దూరం. రెండిళ్ల అద్దె భారమే, కాదనను. కొన్నాళ్లు డాలస్ నుంచే పని చేస్తానని కొత్త కంపెనీని అడిగారా? అడగకుండానే కాదనుకునేవాళ్లు చాలామంది. స్నేహితుల ఇంట్లో పిల్లని వదిలి వెళ్లడం మాత్రం నాకు నచ్చదు. స్కూలుకి గార్డియన్ కాగితాలు కావాలి, పైగా ఏడాదంతా టెన్షన్‌గా ఉండే పిల్ల తలుపేసుకుని ఏడవాలన్నా అది తన ఇల్లు కాదు.

అన్నట్టు, ఇంత రాశారు, మీరేం కోరుకుంటున్నారో ఒక్క ముక్క లేదు. ఏడాది ఒంటరిగా నెట్టుకురావడం మీవల్ల అవుతుందా? కాదనుకుంటే ఆ మాట బయటికి చెప్పండి, అది తప్పేం కాదు. అప్పుడు వెళ్లాల్సిందే. వెళ్తే ‘కొత్త ఫ్రెండ్స్ దొరుకుతార్లే’ అన్న మాట మాత్రం అనకండి. హోమ్‌కమింగ్‌కీ, వాళ్ల గ్రాడ్యుయేషన్‌కీ టికెట్లు ముందే కొని చేతిలో పెట్టండి. వేదిక ఎక్కకపోయినా ఆ రోజు అక్కడ ఉండనివ్వండి. తిండి, నిద్ర బాగా తగ్గిపోతే డాక్టర్‌కి చూపించాలి. బతకాలని లేదన్న మాట నోట వస్తే ఆ క్షణమే అమెరికాలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.

ఈ రాత్రి తను కంచం పట్టుకుని గదిలోకి వెళ్తే మీరూ మీ కంచం తీసుకుని వెళ్లి పక్కన కూర్చోండి. ఇంకా ఏదీ తేలలేదని ముందే చెప్పేయండి. ఆ తర్వాత సియాటిల్ మాట ఎత్తొద్దు. ఫ్రెష్‌మన్‌గా ఉన్నప్పటి మొదటి మమ్ ఎక్కడ దాచిందో చూపించమనండి.