తొమ్మిది పీడీఎఫ్‌ల్లో ఏది చదవాలి?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల డిజైన్) వైపు వెళ్లాలని ఉంది. సర్క్యూట్‌ని కోడ్‌గా రాసే భాషల్లో, కాలేజీ ల్యాబ్‌లో వీహెచ్‌డీఎల్ చేయించారు. సీనియర్లేమో ఉద్యోగాలన్నీ అలాంటిదే ఇంకో భాష వెరిలాగ్‌లోనే అంటున్నారు. ఒక అన్న తొమ్మిది పుస్తకాల పీడీఎఫ్‌లు పంపాడు. అన్నిట్లో మొదటి అధ్యాయం చదివాను, ఏదీ ముందుకు సాగలేదు. రెండు వేలలోపు కొనాలంటే ఏవి కొనమంటారు?

జవాబు: తొమ్మిదింటిలోనూ మొదటి అధ్యాయమే చదివానన్నారు. ఈ పుస్తకాల్లో మొదటి అధ్యాయం ఇంచుమించు ఒకటే ఉంటుంది: గేట్లు చేత్తో గీసే రోజులు పోయాయి, కోడ్ రాసి డిజైన్ చేసే రోజులు వచ్చాయి అని. అంటే మీరు ఒకే పాఠాన్ని తొమ్మిదిసార్లు చదివారు. విసుగు రావడంలో మీ తప్పేం లేదు.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఫోన్ పక్కన పడేసి, తెల్ల కాగితం మీద మూడు గీయండి: నాలుగు ఇన్‌పుట్ల మల్టీప్లెక్సర్, క్లాక్‌తో పాటు డీ ఫ్లిప్‌ఫ్లాప్ అవుట్‌పుట్ ఎలా మారుతుందో చూపే టైమింగ్ డయాగ్రమ్, 1011 అనే వరుసను పట్టుకునే సర్క్యూట్‌కి స్టేట్ డయాగ్రమ్. మూడోది తడబడితే మీకు కావలసింది వెరిలాగ్ పుస్తకం కాదు, డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పుస్తకం. వెరిలాగ్ చూడటానికి సి భాషలా ఉంటుంది కాబట్టి చాలామంది ప్రోగ్రామింగ్ అనుకొని దిగుతారు. అక్కడే దెబ్బ తింటారు. మీరు రాసే ప్రతి లైను వెనక ఏ సర్క్యూట్ ఉందో కళ్లకు కట్టకపోతే సింటాక్స్ ఎంత బట్టీ పట్టినా ఇంటర్వ్యూలో నిలవదు.

దీనికి రెండో సంవత్సరంలో మీరు చదివే ఉండే మోరిస్ మానో ‘డిజిటల్ డిజైన్’ చాలు. మైఖేల్ సిలెటీ కూడా రాసిన కొత్త ఎడిషన్లలో వెరిలాగ్ ఉదాహరణలు కూడా ఉంటాయి. దీనికన్నా నాకు ఇష్టమైనది హారిస్, హారిస్ రాసిన ‘డిజిటల్ డిజైన్ అండ్ కంప్యూటర్ ఆర్కిటెక్చర్’. అందులో నాలుగో అధ్యాయం మీలాంటివాళ్ల కోసమే రాసినట్టుంటుంది. ఒకే సర్క్యూట్‌ని ఒక పక్క సిస్టమ్‌వెరిలాగ్‌లో, ఇంకో పక్క వీహెచ్‌డీఎల్‌లో రాసి, కింద సింథసిస్ చేస్తే, అంటే కోడ్‌ని సర్క్యూట్‌గా మారిస్తే, వచ్చే బొమ్మ చూపిస్తారు. ల్యాబ్‌లో నేర్చుకున్న వీహెచ్‌డీఎల్ వృథా కాలేదని అక్కడ అర్థమవుతుంది. లైబ్రరీలో ఉంటే ఆ ఒక్క అధ్యాయమైనా జిరాక్స్ తీసుకోండి.

ఇక ఏ భాష అన్న టెన్షన్ సంగతి. వీహెచ్‌డీఎల్ అమెరికా రక్షణ శాఖ అవసరం నుంచి పుట్టి 1987లో ఐఈఈఈ ప్రమాణమైంది. వెరిలాగ్ ఒక ప్రైవేటు కంపెనీలో పుట్టి 1995లో ప్రమాణమైంది. రక్షణ, అంతరిక్ష రంగాల్లోనూ యూరప్‌లోనూ వీహెచ్‌డీఎల్ వాడకం బాగానే ఉంది. హైదరాబాద్, బెంగళూరు చిప్ కంపెనీల ఉద్యోగాలకు మాత్రం వెరిలాగ్, దాని మీద కట్టిన సిస్టమ్‌వెరిలాగ్ కావాలి. మీ సీనియర్లు చెప్పింది నిజమే. ఒకటి సరిగ్గా వస్తే రెండోది పట్టుబడటానికి ఎక్కువ కాలం పట్టదు.

భాషకు ఒక్క పుస్తకం కొనండి: సమీర్ పల్నిట్కర్ ‘వెరిలాగ్ హెచ్‌డీఎల్’, రెండో ఎడిషన్, 2003లో వచ్చింది. పాతదే, అయినా మొదటిసారి నేర్చుకునేవాళ్లకి అంత ఓపిగ్గా చెప్పిన పుస్తకాలు తక్కువ. కానీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకండి. ఏడో అధ్యాయం దాకా, అంటే బిహేవియరల్ మోడలింగ్ వరకు వరుసగా వెళ్లండి. అక్కడి నుంచి నేరుగా పద్నాలుగోదైన లాజిక్ సింథసిస్‌కి దూకండి. మధ్యలో స్విచ్ లెవెల్, యూజర్ డిఫైన్డ్ ప్రిమిటివ్స్, పీఎల్ఐ అని మూడు అధ్యాయాలు వస్తాయి. చాలామంది పుస్తకం మూసేసేది అక్కడే. మొదటి చదువులో వాటి అవసరం లేదు.

పాత పుస్తకాల షాపులో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో హైదరాబాద్ కోఠిలోనో, వేరే పుస్తకం చవగ్గా దొరికితే కొనాలా వద్దా అన్నది అక్కడ నిలబడే తేల్చుకోవచ్చు. ముందు ఏదైనా మాడ్యూల్ (ఒక సర్క్యూట్‌కి రాసిన కోడ్ ముక్క) చూడండి. బ్రాకెట్‌లో పోర్టుల పేర్లు మాత్రమే ఇచ్చి, ఇన్‌పుట్ అవుట్‌పుట్ అని కింద విడిగా రాస్తే అది 1995 నాటి పద్ధతి. బ్రాకెట్‌లోనే అన్నీ ఉంటే, ఎక్కడైనా ఆల్వేస్ @(*) కనిపిస్తే 2001 తర్వాతిది. పాతది చదివితే కొంప మునగదు కానీ, ఇప్పుడు ఎవరూ అలా రాయరు.

తర్వాత విలువ ఇవ్వడానికి వాడే ‘=’, ‘<=’ గుర్తుల మధ్య తేడా ఎలా చెప్పాడో వెతకండి. నా దృష్టిలో ఒక రచయిత సత్తా తేలేది ఇక్కడే. క్లాక్ అంచు రాగానే ఏ, బి అనే రెండు రిజిస్టర్ల విలువలు తారుమారు కావాలనుకోండి. ‘=’ పెట్టి ఏ = బి, బి = ఏ అని రాస్తే రెండింట్లోనూ బి పాత విలువే మిగులుతుంది. ‘<=’ పెడితే కుడివైపు విలువలన్నీ ముందు చదివి ఎడమవైపు తర్వాత మారుస్తుంది కాబట్టి నిజంగానే తారుమారవుతాయి. దీన్ని ఇలా ఉదాహరణతో, వేవ్‌ఫామ్‌తో చెప్పకుండా రెండు వాక్యాల్లో దాటేసిన పుస్తకాన్ని అక్కడే పెట్టేయండి. అలాగే ఎల్స్ రాయని ఇఫ్ వల్ల అనుకోని లాచ్ (పాత విలువను పట్టుకుని ఉండే సర్క్యూట్) ఎలా వస్తుందో, #10 లాంటి ఆలస్యాలను సింథసిస్ టూల్ ఎందుకు పట్టించుకోదో చెప్పిందా చూడండి. ఇవి లేని పుస్తకం పరీక్షకు పనికొస్తుంది, ఉద్యోగానికి కాదు.

చదవడం ఒక పాలు, రాయడం మూడు పాళ్లు ఉండాలి. కోడ్‌ని నడిపి చూసే ఐకారస్ వెరిలాగ్, వేవ్‌ఫామ్ చూపించే జీటీకేవేవ్ రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. ల్యాప్‌టాప్ లేకపోతే ఈడీఏ ప్లేగ్రౌండ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. హెచ్‌డీఎల్‌బిట్స్ అనే వెబ్‌సైట్‌లో వరుసగా లెక్కలు చేసుకుంటూ పోండి, తప్పు ఎక్కడుందో అదే చూపిస్తుంది. వినడం అలవాటైతే ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల వెరిలాగ్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉన్నాయి.

క్రిస్ స్పియర్ ‘సిస్టమ్‌వెరిలాగ్ ఫర్ వెరిఫికేషన్’ మీ తొమ్మిదింటిలో తప్పకుండా ఉండి ఉంటుంది. మంచి పుస్తకమే, వెరిఫికేషన్, అంటే డిజైన్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించే ఉద్యోగాలకు అవసరమే. కానీ ఒక ఫిఫో (ముందు వచ్చిన డేటా ముందు బయటికెళ్లే క్యూ), ఒక యూఏఆర్‌టీ (డేటాని ఒక్కో బిట్‌గా పంపి అందుకునే సర్క్యూట్) సొంతంగా రాసి, వాటికి టెస్ట్‌బెంచ్, అంటే వాటిని పరీక్షించే కోడ్ కూడా రాశాకే దాన్ని తెరవండి. అప్పటిదాకా క్లాసులు, రాండమైజేషన్ అంటూ అది మాట్లాడే మాటలు గాల్లో ఉన్నట్టుంటాయి.

ఎఫ్‌పీజీఏ బోర్డు, అంటే మనం రాసిన డిజైన్‌ని ఎక్కించి చూసుకునే చిప్ ఉన్న బోర్డు ఇప్పుడే కొనకండి. పాంగ్ చూ రాసిన ‘ఎఫ్‌పీజీఏ ప్రోటోటైపింగ్ బై వెరిలాగ్ ఎగ్జాంపుల్స్’ (2008) చూసి స్పార్టన్-3 బోర్డు పాతది వెతికేవాళ్లున్నారు. డిజైన్‌ని చిప్‌లోకి ఎక్కించే ఇప్పటి వివాడో టూల్ ఆ చిప్‌ని అసలు గుర్తించదు. అందులోని యూఏఆర్‌టీ, వీజీఏ కోడ్ మాత్రం సిములేషన్‌లో చక్కగా చదువుకోవచ్చు. నిజంగా బోర్డు మీద చూడాలనిపిస్తే ముందు మీ ల్యాబ్ అసిస్టెంట్‌ని అడగండి. చాలా కాలేజీల్లో అది బీరువాలో, సీలు కూడా తీయని పెట్టెలో ఉంటుంది.