ఇంజెక్టర్ క్లీనర్ పోయించే ముందు ఫిల్టరు చూడండి, లీక్-ఆఫ్ టెస్టు చేయించండి

మీరు అడిగింది ఇదీ: 2015 స్విఫ్ట్ డీజిల్, లక్షా పాతిక వేల కిలోమీటర్లు దాటింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు నిమిషాలు ఊగుతోంది, మైలేజీ తగ్గింది. సర్వీసుకిచ్చిన చోట ఇంజెక్టర్ క్లీనర్ పోయిద్దాం, ఇకమీదట ప్రతి సర్వీసుకూ పోయించాలి అంటున్నారు. పోయించాలా, వద్దా?

ఒకసారి పోయించండి, నష్టం లేదు. ప్రతి సర్వీసుకూ అక్కర్లేదు. అయితే మీరు చెప్పిన లక్షణాలకు ముందు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. అవి వదిలేసి సీసా పోస్తే, తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు. తగ్గకపోతే ఇంకో సీసా కొనమంటారు.

మా ఇంట్లో చాలా ఏళ్లుగా డీజిల్ బండ్లే. నాది డిజైర్, మీ బండిలో ఉన్న 1248 సీసీ ఇంజనే. ఆ ఫియట్ ఇంజను మారుతి, టాటా, ఫియట్, షెవ్రొలే కంపెనీల బండ్లు చాలావాటిలో వచ్చింది కాబట్టి ఏ ఊళ్లో పంపు, నాజిల్ షాపుకి వెళ్లినా దాని సంగతి వాళ్లకు కొట్టిన పిండి. మీకది పెద్ద కలిసొచ్చే విషయం.

ముందు ఆ సీసా చేసే పనేంటో చూద్దాం. మీ బండిలో ఉన్నది కామన్ రెయిల్ ఇంజను, అంటే నాలుగు ఇంజెక్టర్లకీ ఒకే గొట్టం (రెయిల్) నుంచి డీజిల్ అందుతుంది. బండి లాగేటప్పుడు అందులో డీజిల్ వెయ్యికి పైగా బార్ల ప్రెజరుతో ఇంజెక్టరులోకి వస్తుంది. కారు టైరులో ఉండేది రెండుంబావు బార్లే. అంత ఒత్తిడితో వచ్చిన డీజిల్ నాజిల్ చివర వెంట్రుకవాసి మాత్రమే ఉండే రంధ్రాల్లోంచి పొగమంచులా చిమ్మాలి. ఆ రంధ్రాల చుట్టూ కాస్త మసి పేరుకున్నా స్ప్రే ఆకారం మారిపోతుంది, ఇంధనం సరిగ్గా కాలదు. ఐడ్లింగులో వణుకు, నల్లపొగ అక్కడే మొదలవుతాయి. ఇంజెక్టరు లోపల కూడా లక్కలాంటి పలచని పొర కట్టి సూది కదలిక బిగుసుకుపోవచ్చు. క్లీనరులోని డిటర్జెంటు ఈ రెండు రకాల మురికినీ మెల్లగా వదిలిస్తుంది. దానికి చేతనైంది అంతే. అరిగిపోయిన లోహాన్ని అది తిరిగి పెంచలేదు.

నా డిజైర్ విషయంలో అది పనిచేసింది. బండి అప్పట్లో ఊళ్లోనే తిరిగేది. పిల్లల్ని బడికి దింపడం, బజారు, ఆఫీసు. ఇంజను పూర్తిగా వేడెక్కేలోపే ఆపేయడం. అలా తిరిగే డీజిల్ బండికి మసి పట్టక తప్పదు. సిగ్నల్ దగ్గర స్టీరింగు మీద చెయ్యి పెడితే సన్నగా అదురు తెలిసేది. ఫిల్టరు మార్పించాను, అదురు అలాగే ఉంది. ఆ తర్వాత ఒక ఫుల్ ట్యాంకుకి క్లీనర్ కలిపి విజయవాడ హైవే మీద బాగా నడిపాను. ట్యాంకు సగానికి వచ్చేసరికి అదురు దాదాపు పోయింది. మైలేజీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. సీసా మీద మైలేజీ గురించి రాసిన మాటల్ని నమ్మి డబ్బు పెట్టకండి. పైగా ఆ లాంగ్ డ్రైవు కూడా ఇంజనుకి మేలు చేసింది, క్రెడిట్ అంతా సీసాకే ఇవ్వలేం.

ఇక మీ బండి సంగతి. పొద్దున మాత్రమే ఊగి, వేడెక్కాక సర్దుకుంటోంది అంటున్నారు కాబట్టి మొదటి అనుమానం హీటర్ ప్లగ్గుల మీద, అంటే చల్లటి ఇంజను స్టార్ట్ అయ్యేందుకు సిలిండరు లోపల వేడి పుట్టించేవి. నాలుగింట్లో ఒకటి పోయినా ఆ సిలిండరు చల్లగా ఉన్నంతసేపూ మిస్సింగ్ కొడుతుంది. మల్టీమీటరు పెడితే కాసేపట్లో తేలిపోతుంది. క్లీనర్ సీసాకీ హీటర్ ప్లగ్గుకీ ఏ సంబంధమూ లేదు, అది గుర్తుంచుకోండి.

తర్వాత లీక్-ఆఫ్ టెస్టు, అంటే ఒక్కో ఇంజెక్టరు నుంచి ఎంత డీజిల్ వెనక్కి పోతోందో కొలవడం. ఇది ఎవరూ తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పంపు షాపులో మా బావగారి బండికి చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు ఊడదీసి, ఒక్కోదానికి సన్నటి ట్యూబు తగిలించి, గీతలున్న నాలుగు చిన్న సీసాల్లోకి వదిలారు. ఇంజను ఐడ్లింగులో పెట్టి అందరం సీసాల వైపే చూస్తున్నాం. మూడింట్లో డీజిల్ చుక్కచుక్కగా, ఇంచుమించు ఒకే మట్టంలో పైకొస్తోంది. మూడో నంబరు సీసా మాత్రం చూస్తుండగానే సగం దాటిపోయింది. షాపు పెద్దాయన వేలితో దాన్ని చూపించి, "దీన్లో వాల్వు సీటు తినేసింది బాబూ, దీనికి మందు పోస్తే లాభం లేదు" అన్నారు. సిలిండరులోకి వెళ్లాల్సిన డీజిల్ అలా రిటర్నులోకి పోతుంటే సెల్ఫ్ కొట్టినప్పుడు రెయిల్లో ప్రెజరు త్వరగా లేవదు, ఎంతసేపు తిప్పినా బండి మొరాయిస్తుంది. బావగారి బండికి అంతకుముందు వేరే చోట రెండుసార్లు క్లీనర్ పోశారు. ఆ డబ్బుతో ఈ టెస్టు ఎన్నోసార్లు అయ్యేది. చివరికి ఆ ఒక్క ఇంజెక్టరు రిపేరు చేయించాక స్టార్టింగు దారికొచ్చింది. ఇంజెక్టరు మార్చినా, వేరే సిలిండరుకి బిగించినా దాని మీద ఉండే కోడ్ నంబర్లు స్కానరుతో ఈసీయూలో (ఇంజనుని నడిపించే కంప్యూటరులో) మళ్లీ ఎక్కించాల్సి రావచ్చు, అది చేశారో లేదో అడగండి.

స్కానరు ఉన్న చోటుకి వెళితే ఐడ్లింగులో ఈసీయూ ఒక్కో సిలిండరుకి ఎంత కరెక్షన్ ఇస్తోందో, అంటే డీజిల్ ఎంత ఎక్కువ తక్కువ చేసి సర్దుతోందో కూడా చూపించమనండి. మూడు దగ్గరదగ్గరగా ఉండి ఒకటి బాగా దూరంగా ఉంటే దృష్టి పెట్టాల్సింది దాని మీద. నాలుగూ దగ్గరగానే ఉండి, లీక్-ఆఫ్ కూడా సమంగా ఉండి, బండి ఇంకా అదురుతుంటే అప్పుడు క్లీనర్ పోయించండి. అది పనికొచ్చే సందర్భం అదే.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి, మా వైపు దీనివల్లే ఎక్కువ బండ్లు పాడవుతాయి. మాది భీమవరం దగ్గర. చెరువు గట్ల మీద జనరేటర్ల కోసం డ్రమ్ముల్లో డీజిల్ నిలవ పెడతాం. అవసరానికి అదే డీజిల్ బండిలోనూ పోసుకుంటాం. సగం ఖాళీ డ్రమ్ములో రాత్రి చలికి లోపలి గోడలకు చెమ్మ పట్టి అడుక్కి దిగుతుంది. ఒకసారి మా బొలెరో ఫిల్టరు అడుగున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టాం. పైన లేత పసుపు డీజిల్, కింద రెండు వేళ్ల మందాన నీళ్లు, రెండింటి మధ్య నల్లటి జిగురు తెర. ఆ తెర సూక్ష్మజీవులది. నీళ్లూ డీజిలూ కలిసే చోటే అవి పెరుగుతాయి, ఫిల్టరుని పూడ్చేస్తాయి. దీన్ని ఇంజెక్టర్ క్లీనర్ వదిలించదు. ట్యాంకు దించి కడిగించి, ఫిల్టరు మార్చాలి. హై ప్రెజర్ పంపుకీ, ఇంజెక్టర్లకీ డీజిలే కందెన, అందులోకి నీళ్లొస్తే అవి రెండూ దెబ్బతింటాయి. మీరు బంకులోనే పోయిస్తున్నా ఫిల్టరు విప్పినప్పుడు అందులోని డీజిల్ గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచి చూడండి. డబ్బు ఖర్చు లేని పరీక్ష.

కొందరు డీజిల్లో టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) కలపమంటారు, బీఎస్6 డీజిల్లో సల్ఫర్ లేదు కాబట్టి పంపు ఎండిపోతుందని వాళ్ల భయం. సల్ఫర్ 50 పీపీఎం నుంచి 10కి తగ్గిన మాట నిజమే. సల్ఫర్ తీసే పద్ధతిలో సహజమైన జిడ్డు గుణం తగ్గడమూ నిజమే. అందుకే రిఫైనరీలు ఆ గుణం కోసం విడిగా మందు కలిపే పంపుతాయి, దానికి ఐఎస్ 1460 ప్రమాణంలో పరిమితి ఉంది. మంచి బంకులో పోయించుకునేవాళ్లకు టూటీ ఆయిల్ అవసరమే రాదు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న కొత్త బండ్లలో పోస్తే బూడిద మిగిలి ఆ ఫిల్టరు నిండిపోతుంది. కిరోసిన్ మాట ఎత్తేవాళ్ల దగ్గర బండి పెట్టకండి, అది ఉన్న జిడ్డు కూడా పోగొడుతుంది.

ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌ట్రాగ్రీన్ లాంటి ప్రీమియం డీజిల్లో డిటర్జెంటు ముందే ఉంటుంది. అప్పుడప్పుడూ ఒక ట్యాంకు అది కొట్టించుకుంటే విడిగా సీసా కొనే పని చాలావరకు తప్పుతుంది. నేనిప్పుడు అదే చేస్తున్నాను.

ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపేది), ఇన్‌టేక్ మానిఫోల్డు (ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టాలు) మసి కూడా ఇదే సీసాతో పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ దారిలో డీజిల్ వెళ్లదు, ట్యాంకులో పోసింది అక్కడికి చేరదు. మీ మైలేజీ తగ్గడానికి అదీ కారణం కావచ్చు, పికప్ కూడా తగ్గి ఉంటే విప్పి శుభ్రం చేయించండి.

అన్నీ చూశాక పోయాలనే అనుకుంటే డీజిల్ బండి కోసమే అని రాసి ఉన్నది కొనండి, పెట్రోలు క్లీనర్ పోయొద్దు. ట్యాంకు అడుగంటినప్పుడు ముందు సీసా పోసి, పైన ఫుల్ కొట్టించండి, బాగా కలుస్తుంది. సీసా మీద ఎన్ని లీటర్లకి అని రాస్తే అంతకే, రెండు సీసాలు పోస్తే రెట్టింపు శుభ్రం కాదు. ఆ ట్యాంకుని ఊళ్లో చిన్న చిన్న దూరాలకు వాడకుండా హైవే మీద నడపండి. పాత ట్యాంకులో ఊడిన మురికి ఫిల్టరుకి చేరుతుంది కాబట్టి తర్వాత ఫిల్టరు మార్పించండి.

హీటర్ ప్లగ్గులు చూపించి, లీక్-ఆఫ్ చేయించాక నాలుగు సీసాల్లో మట్టాలు ఎలా ఉన్నాయో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ ఇంజెక్టరు విప్పించాలో, అసలు విప్పించాలో వద్దో దాన్ని చూసి చెప్పొచ్చు. అప్పటిదాకా నాలుగూ మార్చేయాలని ఎవరన్నా ఒప్పుకోకండి.