ప్రశ్నలూ జవాబులూ: షికాగో కోడలి కడుపుకోత

ప్రశ్న: మా అబ్బాయి షికాగోలో ఉద్యోగం చేస్తున్నాడు. తనతో పనిచేసే నల్లజాతి అమ్మాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. మొదట్లో మేము ముభావంగా ఉన్న మాట నిజమే గాని, ఇప్పుడు ఆమె మా ఇంటి మనిషి. ఆమెకు రెండుసార్లు మూడో నెలలోనే కడుపు పోయింది. ఈ మధ్య ఐదో నెలలో మళ్లీ అలాగే జరిగింది. వారం తిరక్కుండానే ఆఫీసుకు వెళ్లిపోయిందట. ఫోనులో పలకరిస్తే ‘బాగానే ఉన్నాను’ అంటుంది తప్ప కంటతడి పెట్టదు. ‘నువ్వేమీ అడగొద్దమ్మా’ అంటాడు అబ్బాయి. ఇక్కడ చుట్టాలేమో ‘వాళ్ల ఇళ్లలో గంపెడు పిల్లలుంటారు, ఈమెకే ఎందుకిలా, ఏదో దోషం ఉండి ఉంటుంది’ అంటున్నారు. ఇక్కడికి పిలిపించి ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ చికిత్స) చేయిస్తే ఖర్చు కూడా తక్కువని మా వారి అభిప్రాయం. నేనేం చెయ్యాలో చెప్పగలరా?
ఒక అత్తగారు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు మీ చుట్టాల మాట సంగతి చూద్దాం. ఆ మాట మీ వీధిలో పుట్టింది కాదు, అమెరికాలో రెండు వందల ఏళ్లుగా నలుగుతున్నదే. 1808లో ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతిని ఆ దేశం నిషేధించిన తరువాత, అంతకుముందు నుంచే యజమాని ఆస్తిలో జమ అయ్యే బానిస స్త్రీ బిడ్డలకు విలువ మరింత పెరిగింది. పిల్లల్ని కంటుందన్న నమ్మకం ఉన్న స్త్రీకి సంతలో ధర ఎక్కువ పలికేది, కనలేదనుకున్న స్త్రీని వదిలించుకోవడానికి చూసేవారు. బానిసత్వం పోయినా, నల్లజాతి స్త్రీ అంటే ఏ ఇబ్బందీ లేకుండా పిల్లల్ని కనే మనిషన్న ముద్ర మాత్రం పోలేదు. పిల్లలు నిలవక బాధపడే స్త్రీ ఆ ముద్రలో ఎక్కడా ఇమడదు కాబట్టి, ఆమె బాధ డాక్టర్లకూ కనబడదు, ఇరుగుపొరుగుకూ కనబడదు.

నిజానికి లెక్కలు ఈ నమ్మకానికి పూర్తిగా ఎదురుగా ఉన్నాయి. పలు దేశాల సమాచారాన్ని కలిపి 2021లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, నల్లజాతి స్త్రీలకు గర్భస్రావం అయ్యే ప్రమాదం తెల్లజాతి స్త్రీలకంటే సుమారు 40 శాతం ఎక్కువ. అమెరికాలో ఇరవై వారాలు దాటాక కడుపులోనే బిడ్డను పోగొట్టుకునేవారు కూడా వీరిలో దాదాపు రెట్టింపు. గర్భాశయంలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డలు 50 ఏళ్లు వచ్చేసరికి అక్కడి నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా కనబడతాయి. అవి వీరికి చిన్న వయసులోనే వస్తాయి, పెద్దవిగానూ పెరుగుతాయి. కారణం రక్తంలో ఉన్న దోషమేమో అనుకోవద్దు. తరతరాల వివక్ష, దానితో వచ్చే ఎడతెగని ఒత్తిడి ఒంటిని ముందుగానే అరగదీస్తాయని ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో ప్రతిపాదించారు. ఆ తరువాత వచ్చిన పరిశోధనలు చాలావరకు ఆ దారినే నడిచాయి. దీనికి వైద్యం ఆలస్యంగా అందడం, చెప్పిన నొప్పిని డాక్టర్లు తేలికగా తీసుకోవడం తోడవుతాయి. దోషమంటూ ఉంటే అది అక్కడ ఉంది, మీ కోడలి కడుపులో లేదు.

ఇక ఆమె మౌనం. సంతానలేమితో బాధపడుతున్న 50 మంది నల్లజాతి స్త్రీలతో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు మాట్లాడి, 2015లో ఆ వివరాలు ప్రచురించారు. వారిలో అత్యధికులు ఆ బాధను ఒంటరిగా, ఎవరితోనూ చెప్పుకోకుండా మోసినవారే. కొందరు తల్లికీ అక్కచెల్లెళ్లకూ కూడా పూర్తిగా చెప్పలేదు. ఎందుకంటే నల్లజాతి ఇళ్లలో ఆడపిల్లకు చిన్ననాటి నుంచీ నేర్పేది తట్టుకోవడమే. అమ్మమ్మ తట్టుకుంది, అమ్మ తట్టుకుంది, నువ్వూ తట్టుకోవాలి. ఆఫీసులో కళ్లు తుడుచుకుంటూ కనబడితే ‘పనికి పనికిరాదు’ అంటారేమోనన్న భయం దీనికి అదనం. మీ కోడలు వారం లోపే ఆఫీసుకు వెళ్లడం మనసు గట్టిపడినందువల్ల అనుకోకండి. మన ఇళ్లలో కడుపు పోయిన పిల్లను కూడా పచ్చిబాలింతలాగే చూసి, చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, కొన్నాళ్లు వంటింటి గడప తొక్కనివ్వం. ఆ ఆచారాల్లో అర్థం లేనివి ఎన్ని ఉన్నా, ‘నీకు ఏదో జరిగింది, కూర్చో’ అని చెప్పడం మాత్రం వాటిలో ఉంది. ఆమెకు ఆ మాట చెప్పినవారు లేరేమో.

చర్చికి వెళ్లే అలవాటు ఉన్న కుటుంబమైతే మరొకటి కూడా గుర్తుంచుకోండి. మే నెల రెండో ఆదివారం మాతృదినోత్సవం నాడు చాలా చర్చిలలో తల్లులందరినీ లేచి నిలబడమని, వారికి తలా ఒక పువ్వు చేతికిస్తారు. మూడు గర్భాలు పోయిన స్త్రీ ఆ నిమిషంలో లేవాలా, కూర్చోవాలా? ఆ ఒక్క ఆదివారం చర్చి మానేసేవారు తక్కువమంది కాదు. బైబిలులో శారా, హన్నా ఎంతో కాలం ఎదురుచూసి బిడ్డలను కన్న కథలు చెప్పి, ‘దేవుడి సమయం రావాలి’ అని ఓదార్చేవారు ప్రేమతోనే చెబుతారు. కానీ విన్నవారికి తమ విశ్వాసంలోనే ఏదో లోపం ఉందన్నట్టు వినబడుతుంది. మన పక్క ‘నాగప్రతిష్ఠ చేయించు, అన్నీ సర్దుకుంటాయి’ అన్న మాట కూడా ఆ బాపతే. మీకు నమ్మకం ఉంటే మీ ఇంట్లో పూజ చేసుకోండి, దాని ఫలితం బాధ్యత మాత్రం ఆమె మీద పెట్టకండి.

మీ కోడలి ఊరివారే అయిన మిషెల్ ఒబామా, తనకు గర్భస్రావం అయిందనీ, ఇద్దరు కూతుళ్లనూ ఐవీఎఫ్ ద్వారానే కన్నాననీ 2018లో ఆత్మకథలో రాసేదాకా లోకానికి తెలియదు. అప్పటికి పెద్దమ్మాయికి 20 ఏళ్లు. అమెరికా అధ్యక్షుడి భార్యే అన్నేళ్లు మనసులో దాచుకుంటే, ఆఫీసులో పనిచేసుకునే మీ కోడలు ‘బాగానే ఉన్నాను’ అనడంలో వింతేముంది?

ఐవీఎఫ్ గురించి మీవారికి ఒక మాట. ఐవీఎఫ్ ప్రధానంగా గర్భం దాల్చడంలో ఇబ్బంది ఉన్నవారికి. మీ కోడలికి గర్భం వస్తోంది, నిలవడం లేదు. ఈ రెండింటి దారులు వేరు. రెండు గర్భాలు పోతే చాలు, కారణం వెతకాలని అమెరికా సంతాన వైద్యుల సంఘమే చెబుతోంది. తొలి మూడు నెలల్లో పోయేవాటిలో సగం దాకా పిండం క్రోమోజోముల లోపం వల్లే పోతాయి, దానికి ఎవరూ బాధ్యులు కారు. ఐదో నెలలో పోవడం వేరే సంగతి. గర్భాశయ ముఖద్వారం ముందే తెరుచుకోవడం, ఇన్‌ఫెక్షన్, మాయలో (ప్లాసెంటాలో) లోపం, గర్భాశయం లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ వంటివి చూడాలి. రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచే యాంటీబాడీలు, థైరాయిడ్, భార్యాభర్తలిద్దరి క్రోమోజోములు పరీక్షించాలి. వీటిలో కొన్నింటికి మంచి వైద్యం ఉంది: యాంటీబాడీలు ఉంటే తక్కువ మోతాదు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇస్తారు, ముఖద్వారం బలహీనమైతే కుట్టు వేస్తారు. ఈ పరీక్షలన్నీ జరిగాయో లేదో మీ అబ్బాయిని కనుక్కోమనండి, జరగకపోతే జరపమని గట్టిగా అడగమనండి. ఆసుపత్రికి ఆమెను ఒంటరిగా పంపవద్దని కూడా చెప్పండి.

ఖర్చు విషయానికొస్తే, ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉండటం ఆమెకు కలిసొచ్చే అంశం. సంతానలేమి చికిత్సను బీమాలో చేర్చాలన్న చట్టం అక్కడ 1991 నుంచే ఉంది. సంస్థలు ఉద్యోగుల కోసం తీసుకునే చాలా బృంద బీమాలకు అది వర్తిస్తుంది, కంపెనీయే సొంత నిధితో బీమా నడుపుతుంటే మాత్రం వర్తించదు. వారిది ఏ రకమో ఆఫీసులో అడిగితే తెలుస్తుంది. 2023 జనవరి నుంచి అదే రాష్ట్రంలో, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలలో గర్భస్రావమైనా, ఐవీఎఫ్ విఫలమైనా పది పనిదినాల దాకా సెలవు పెట్టుకునే హక్కు వచ్చింది. జీతం రాదు గాని ఉద్యోగం పోదు. ఆమెకు ఈ సంగతి తెలియకపోయి ఉండవచ్చు. షికాగోలోనే 2013లో స్టేసీ ఎడ్వర్డ్స్‌డన్ అనే మతబోధకురాలు ‘ఫర్టిలిటీ ఫర్ కలర్డ్ గర్ల్స్’ అనే సంస్థను స్థాపించారు. సంతానం కోసం అవస్థపడే నల్లజాతి స్త్రీలు అక్కడ ఒకచోట చేరి మాట్లాడుకుంటారు, చికిత్సకు కొందరికి ధనసహాయమూ అందుతుంది. ఈ సమాచారం అబ్బాయికి చేరవేయండి, వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

చివరిగా మీరు చేయవలసింది. అబ్బాయి మాట మన్నించి ప్రశ్నలు మానండి గాని, పలకరింపు మానకండి. ‘నీ బిడ్డ పోయినందుకు నాకూ దుఃఖంగా ఉంది, జవాబు ఇవ్వనవసరం లేదు’ అని ఒక సందేశం పంపండి. వీసా, ఆరోగ్యం అనుకూలిస్తే వెళ్లి కొన్నాళ్లు ఉండి, వండి పెట్టండి. మరుసటి గర్భం ఊసు మీ నోట రానివ్వకండి. చుట్టాలకు మాత్రం జవాబు మీరే చెప్పాలి, అది అబ్బాయి పని కాదు.

ప్రశ్న: నేను అలబామాలో బర్మింగ్‌హామ్‌లోని ఒక ఆసుపత్రి ప్రసూతి విభాగంలో నర్సును. రక్తస్రావంతో వచ్చే నల్లజాతి స్త్రీలు తల్లినో అక్కనో వెంటబెట్టుకుని వస్తారు. వచ్చినవారు ప్రతి మందు పేరూ నోటుపుస్తకంలో రాసుకుంటారు, అడిగిందే మళ్లీ అడుగుతారు. ‘వీళ్లతో కష్టం’ అంటారు తోటివారు. మా మీద ఈ అపనమ్మకం ఎందుకు?
ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: మీ ఊరికి సుమారు గంటన్నర దూరంలో ఉన్న మాంట్‌గోమరీకి ఒకసారి వెళ్లి రండి. అక్కడ 1845 నుంచి 1849 దాకా మేరియన్ సిమ్స్ అనే డాక్టరు అనార్కా, లూసీ, బెట్సీ అనే బానిస స్త్రీల మీద మత్తుమందు ఇవ్వకుండా శస్త్రచికిత్సలు చేసి నేర్చుకున్నాడు. అనార్కా ఒక్కదానికే సుమారు 30 సార్లు చేశాడు. ఆయనకు స్త్రీవైద్య పితామహుడని పేరు వచ్చింది, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం లేచింది. దాన్ని 2018లో తొలగించారు. ఆ ముగ్గురు స్త్రీలకు మాంట్‌గోమరీలో 2021లో విగ్రహాలు నిలిపారు. ఇది మరీ పాతకాలపు మాట అనుకుంటే, అదే మాంట్‌గోమరీలో 1973లో రెల్ఫ్ అనే నల్లజాతి కుటుంబంలోని 12, 14 ఏళ్ల అక్కచెల్లెళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. చదువురాని తల్లి, ఏ కాగితమో తెలియకుండానే దాని మీద గుర్తు పెట్టింది. మీ రోగుల అమ్మమ్మలు ఆ వార్త విని ఉంటారు.

ఇప్పటి సంగతీ అంతంతమాత్రమే. వర్జీనియా విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థులను, జూనియర్ డాక్టర్లను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, నల్లవారి చర్మం మందంగా ఉంటుందన్నటువంటి తప్పుడు నమ్మకాలలో ఒక్కటైనా ఉన్నవారు సగం మంది తేలారు. అలాంటివారు నల్లవారి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. టెన్నిస్ క్రీడాకారిణి సెరీనా విలియమ్స్ 2017లో బిడ్డను కన్న మర్నాడు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందని తానే గుర్తించి, స్కాన్ చేయమని పట్టుబట్టవలసి వచ్చింది. 2023లో ప్రసూతి సంబంధ కారణాలతో లక్ష కాన్పులకు నల్లజాతి తల్లులు 50 మంది, తెల్లజాతి తల్లులు 15 మందికి లోపు చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఇవన్నీ తెలిసిన మనిషి నోటుపుస్తకం తెచ్చుకోకపోతే ఆశ్చర్యపడాలి గాని, తెచ్చుకుంటే కాదు.

మీరు చేయగలిగినవి చిన్నవే గాని వారికి పెద్దవి. నొప్పి ఎంతని చెబితే అంతే రాయండి. నిలబడి కాక కూర్చుని మాట్లాడండి. బిడ్డ పోయినప్పుడు, ఎత్తుకుని చూస్తారా, పాదాల ముద్రలు తీసి ఇవ్వమంటారా అని అడగండి. అడగకుండా తీసుకుపోవడమూ తప్పే, బలవంతంగా చేతిలో పెట్టడమూ తప్పే. వెంట వచ్చిన తల్లికి కుర్చీ వేయించండి, ఆమె చేతనే నోటుపుస్తకంలో మీ పేరు రాయించండి.

ప్రశ్న: అట్లాంటా పక్కన ఆల్ఫరెట్టాలో ఉంటాను. నాకు ఏడో నెల, సీమంతం పెట్టుకున్నాం. నాతో పనిచేసే నల్లజాతి స్నేహితురాలికి ఈ మధ్యే గర్భం పోయింది. పిలిస్తే బాధ, పిలవకపోతే బాధ. నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మ, కడుపు పోయినవారి చేత గాజులు తొడిగించుకోకూడదంటోంది.
ఒక చెల్లెలు, జార్జియా

జవాబు: నలుగురిలో ఆహ్వానం చేతికి ఇవ్వకండి. ముందుగా ఒక సందేశం పంపండి: ఫలానా రోజు వేడుక ఉంది, మీరు వస్తే సంతోషం, రాకపోయినా మన స్నేహానికి లోటు లేదు అని. ఎదురుగా చెబితే ఆమె అప్పటికప్పుడు నవ్వు తెచ్చుకోవాలి. సందేశమైతే తన గదిలో చదువుకుని, తీరిగ్గా ఆలోచించుకుని జవాబిస్తుంది. ఆమె తరఫున మీరే తీర్పు చెప్పి దాచిపెట్టడం మాత్రం చెయ్యకండి. తరువాత ఫొటోలు చూసి తెలుసుకుంటే, తనను అపశకునంగా చూశారనుకుంటుంది. రానంటే బతిమాలకండి. వస్తే పేరంటాళ్లలో ఒకరిగానే కూర్చోబెట్టి గాజులు తొడిగించుకోండి. మీ అమ్మగారు ఒప్పుకోకపోతే, ఆమె పుట్టిళ్లలోనూ మెట్టిళ్లలోనూ కడుపు పోని ఆడవారు ఎందరున్నారో నెమ్మదిగా లెక్కవేసి చెప్పమనండి. ప్రతి వంద గర్భాలలో 15 దాకా పోతాయి కాబట్టి, నెల్లూరులో ఇన్నేళ్లుగా ఆవిడ చేతికి గాజులు తొడిగినవారిలోనూ అలాంటివారు ఉండే ఉంటారు.