అమ్మాయి విశ్వవిద్యాలయ చదువుకు డబ్బు: విద్యారుణమా, పదవీ విరమణ నిధా?

ప్రశ్న: మా అమ్మాయి సుమారు 11 నెలల్లో విశ్వవిద్యాలయంలో చేరబోతోంది. 4 ఏళ్ల చదువు, ఇంటికి దూరంగా ఉండి చదవాలి. తన చిన్నప్పటి నుంచి ఒక ఈక్విటీ ఫండ్‌లో (షేర్లలో మదుపు చేసే ఫండ్) నెలనెలా వేస్తూ వచ్చిన డబ్బు, ఇప్పటి ఫీజులను బట్టి చూస్తే, మొత్తం ఖర్చులో 60 శాతానికి సరిపోతుంది. మిగిలిన దానికి మా పదవీ విరమణ నిధిలో నుంచి తీద్దామని మావారు అంటున్నారు. విద్యారుణం తీసుకోవడమే మేలని నాకు అనిపిస్తోంది. విరమణకు మాకు ఇంకా 18 ఏళ్లు ఉంది. అబ్బాయి అక్క కంటే 5 ఏళ్లు చిన్నవాడు. డబ్బు సంగతి చెబితే దిగులు పడుతుందేమోనని అమ్మాయికి ఇంతవరకు ఏమీ చెప్పలేదు. మేము ఎలా సిద్ధపడాలి?

జవాబు: నా అభిప్రాయం ముందే చెబుతాను. విరమణ నిధిని కదపవద్దు. రుణం తీసుకోండి, కానీ మీరు అనుకుంటున్న లోటు మొత్తానికీ తీసుకోవలసిన అవసరం ఉండకపోవచ్చు. ఫండ్‌లో ఉన్న డబ్బులో మొదటి రెండేళ్లకు కావలసిన భాగాన్ని ఇప్పుడే బయటికి తెచ్చి భద్రమైన చోట పెట్టండి. అన్నిటికంటే ముందు, అమ్మాయి దరఖాస్తులు పంపేలోపు ఆమెతో కూర్చుని మాట్లాడండి. ఈ చివరి పనికి పైసా ఖర్చు లేదు, అయినా చాలా కుటుంబాలలో వాయిదా పడేది ఇదే.

మొదట ఆ 60 శాతాన్ని మళ్లీ లెక్క కడదాం. ఈ ఏడాది ఖర్చును 4తో హెచ్చవేసి మొత్తం తెలుసుకోవడం సహజమే కానీ, ఫీజులు, అద్దెలు ఏటా పెరుగుతాయి. మొదటి ఏడాది ఖర్చు 100 అనుకుని, ఏటా 6 శాతం పెరుగుతుందనుకుంటే, తరువాతి మూడేళ్ల ఖర్చు 106, 112.36, 119.10 అవుతుంది, నాలుగేళ్లకు కలిపి 400 కాదు, సుమారు 437. మీ చేతిలో ఉన్న 240 (400లో 60 శాతం) అప్పుడు 60 శాతం కాదు, 55 శాతమే. లోటు 160 నుంచి 197కు పెరుగుతుంది. మీ పొదుపు మీద ఈలోగా వచ్చే రాబడి ఇందులో కొంత పూడుస్తుంది, నిజమే, కానీ ఏటా కొంత తీసి ఖర్చు చేస్తూ పోయే సొమ్ము మీద రాబడి క్రమంగా తగ్గిపోతుందని మరవకూడదు. 6 శాతం అన్నది ఉదాహరణ మాత్రమే; మీరు అనుకుంటున్న సంస్థల గత మూడు నాలుగేళ్ల ఫీజులను వరుసగా రాసి చూసుకుంటే, మీకు వర్తించే అంకె దొరుకుతుంది.

ఖర్చు ఎంత అన్నదానితో పాటు అది ఏ తేదీన పడుతుందన్నది కూడా కాగితం మీద పెట్టండి. తల్లిదండ్రులను ఇబ్బంది పెట్టేది చాలాసార్లు మొత్తం కాదు, మొదటి 3 నెలలు. ప్రవేశ రుసుము, మొదటి విడత ఫీజు, వసతికి ముందుగా కట్టే డిపాజిట్, కంప్యూటర్, పరుపు, పుస్తకాలు, ప్రయాణం అన్నీ దాదాపు ఒకేసారి వస్తాయి; స్కాలర్‌షిప్ సొమ్ము గానీ రుణం మొదటి విడత గానీ చేతికి అందేది చాలా సందర్భాలలో తరగతులు మొదలైన తరువాతే. అందువల్ల మొదటి ఏడాది ఖర్చులో మూడో వంతైనా ఎవరి మీదా ఆధారపడకుండా మీ ఖాతాలో సిద్ధంగా ఉండాలి. వసతి ఒప్పందం తరగతులు జరిగే నెలలకే పరిమితమా, సెలవుల్లోనూ అద్దె కట్టాలా అన్నది సంతకానికి ముందే అడగండి, ఏడాది ఖర్చులో ఇది పెద్ద తేడా తెస్తుంది. రెండు చోట్ల సీటు వచ్చి రెండింటికీ ముందస్తు రుసుము కట్టవలసి వస్తే, ఏ తేదీ లోపు వద్దనుకుంటే ఎంత తిరిగి వస్తుందో కూడా అడిగి రాసిపెట్టుకోండి.

ఇక ఫండ్ సంగతి. ఇన్నేళ్లు క్రమం తప్పకుండా పొదుపు చేసినందుకు మిమ్మల్ని అభినందించాలి. ఆ కాలానికి ఈక్విటీ సరైన ఎంపికే. అయితే 11 నెలల్లో కట్టవలసిన ఫీజు ఇంకా అందులోనే ఉండటం ప్రమాదం. మార్కెట్ 30 శాతం పడితే, పోయినదంతా తిరిగి రావడానికి 43 శాతం పెరగాలి. 15 ఏళ్ల గడువు ఉన్న మదుపరి అందుకోసం వేచి ఉండగలడు, ఫీజు గడువు వేచి ఉండదు. కాబట్టి మొదటి రెండేళ్ల ఖర్చుకు సరిపడా మొత్తాన్ని ఇప్పుడే స్థిర డిపాజిట్‌కు గానీ, అసలు తగ్గే అవకాశం బాగా తక్కువగా ఉన్న మరో పథకానికి గానీ మార్చండి. పై లెక్క ప్రకారం చేతిలో ఉన్న 240లో 206 (100, 106 కలిపి) దీనికే పోతుంది. మిగిలిన 34ను మూడో ఏడాది ఫీజుకని ఉంచి, రాబోయే 12 నెలల్లో విడతలుగా బయటికి తెస్తే చాలు. అమ్మినప్పుడు లాభం మీద పన్ను పడే చోట, అమ్మకాన్ని రెండు పన్ను సంవత్సరాలకు పంచితే భారం తగ్గుతుందేమో ముందుగా చూసుకోండి. మార్కెట్ ఇంకొంచెం పెరిగాక తీద్దామన్న ఆలోచన మీ ఇద్దరిలో ఎవరికైనా వస్తే, అది అమ్మాయి ఫీజుతో పందెం కాయడమేనని గుర్తుచేసుకోండి.

మీవారి వాదనను నేను తేలికగా తీసిపారేయను. విరమణ నిధి ఏటా 8 శాతం సంపాదిస్తూ, రుణం మీద 10 శాతం వడ్డీ పడుతుంటే, కాగితం మీద నిధిలో నుంచి తీయడమే చవక. అయినా నేను వద్దంటున్నందుకు కారణాలున్నాయి. 72ను రాబడి శాతంతో భాగిస్తే డబ్బు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు సుమారుగా తెలుస్తాయి. 8 శాతం దగ్గర 9 ఏళ్లు. మీకు 18 ఏళ్లు ఉన్నాయి కనుక, ఈరోజు తీసిన 100 విరమణ నాటికి దాదాపు 400 అయ్యేది. ఆ ఖాళీని పూడ్చాలంటే, రుణానికి కట్టినట్టే నెలనెలా తప్పకుండా నిధిలో తిరిగి వేయాలి. రుణానికి వాయిదా తేదీ ఉంటుంది, అడిగేవారు ఉంటారు. తీసుకున్న విరమణ సొమ్మును తిరిగి వేయమని అడిగేవారు ఎవరూ ఉండరు. ఉద్దేశం ఎంత మంచిదైనా ఆ భర్తీ సాధారణంగా జరగదు, ముఖ్యంగా వెనుక ఇంకొక బిడ్డ చదువు ఉన్నప్పుడు. ముందే తీస్తే పన్నో జరిమానానో పడే నిధులు కూడా ఉన్నాయి, అప్పుడు ఆ చవక కూడా మిగలదు. పైగా రుణమైతే రేపు సంపాదించబోయే అమ్మాయి అందులో పాలుపంచుకోగలదు, నిధిలో పడిన గండిని భరించేది మీరిద్దరే.

రుణం ఎంత తీసుకోవాలన్నది తేల్చేముందు ఒకటి చూడండి. ఇన్నాళ్లూ అమ్మాయి పేరున నెలనెలా వేస్తున్న పొదుపు ఆమె చేరిన రోజున ఆగిపోనక్కరలేదు. అదే సొమ్మును నేరుగా ఫీజుకు మళ్లించవచ్చు. అది ఏడాదికి 15 చొప్పున వస్తుందనుకుంటే, నాలుగేళ్లకు 60 అవుతుంది, 197 లోటు 137కు దిగుతుంది. రాబోయే 11 నెలల పొదుపును కూడా ఈక్విటీలో కాక విడిగా దాచితే మరికొంత తగ్గుతుంది. అప్పు మిగిలిన దానికే.

ఆ అప్పును ఒకేసారి చేతికి తీసుకోకండి. 100 అప్పును చదువు మొదట్లోనే 10 శాతం బారువడ్డీకి తీసుకుంటే, నాలుగేళ్లు ముగిసేసరికి 140 బాకీ ఉంటుంది. అదే 100ను ప్రతి ఏడాది మొదట్లో 25 చొప్పున తీసుకుంటే 125 మాత్రమే. మీ విషయంలో ఇది ఇంకా అనుకూలం, ఎందుకంటే మొదటి రెండేళ్లకు సొంత డబ్బు వాడి, అప్పును చివరి రెండేళ్లకు పెట్టుకోవచ్చు. అయితే మూడో ఏట రుణం దొరకకపోతే చదువు మధ్యలో ఇరుక్కుంటారు కనుక, మంజూరు మాత్రం మొదట్లోనే చేయించుకుని, అవసరమైనప్పుడు విడతలుగా తీసుకునే వీలు ఉందో లేదో రుణదాతను అడగండి. చదువుకునే కాలంలో పడే వడ్డీని అసలుకు కలుపుతారా అన్నది రెండో ప్రశ్న. కలిపితే చక్రవడ్డీ మొదలవుతుంది, కాబట్టి నెలనెలా ఆ వడ్డీనైనా కట్టేస్తూ ఉంటే, చదువు అయ్యేసరికి అసలు మాత్రమే మిగులుతుంది. వడ్డీ రేటు మారేదా, మారనిదా, ముందుగా తీరిస్తే రుసుము ఉందా అన్నవి కూడా రాతపూర్వకంగా తెలుసుకోండి. వాయిదా చిన్నదిగా కనిపిస్తుందని గడువు పెంచుకోకండి: 10 శాతం వడ్డీకి 100 అప్పు 10 ఏళ్లలో తీరిస్తే మొత్తం 158.6 కడతారు, 15 ఏళ్లలో తీరిస్తే 193.4. నెల వాయిదా 1.32 నుంచి 1.07కు తగ్గినందుకు చెల్లించే మూల్యం అది.

మీ ఉత్తరంలో నన్ను బాగా ఆలోచింపజేసింది అబ్బాయి వయసు. విద్యారుణాల తిరిగి చెల్లింపు చాలా చోట్ల చదువు ముగిసిన ఆరు నెలలకో, ఏడాదికో మొదలవుతుంది. అంటే అక్క వాయిదాలు మొదలయ్యే సమయమూ, తమ్ముడు విశ్వవిద్యాలయంలో చేరే సమయమూ ఒకటే. సహ రుణగ్రహీతగానో, హామీదారుగానో మీరు సంతకం చేస్తారు కనుక, ఆమెకు ఉద్యోగం ఆలస్యమైతే వాయిదా చట్టప్రకారం మీ మీదే పడుతుంది, అది తప్పితే మీ పరపతి చరిత్ర కూడా దెబ్బతింటుంది. ఈ కారణంగా నేను ఒక హద్దు సూచిస్తాను: అబ్బాయి మొదటి ఏడాది ఫీజు కడుతూ కూడా, ఒక ఏడాది పాటు మీ ఆదాయంలో నుంచి మోయగలిగే వాయిదా ఎంతో చూసి, అంతకు మించని అప్పే చేయండి. ఆ హద్దు దాటితేనే అమ్మాయి కోరుకున్న చోట సీటు సాధ్యమయ్యే పరిస్థితి వస్తే, ఖర్చు తక్కువైన మరో సంస్థ గురించి ఇంట్లో నిజాయతీగా మాట్లాడుకోవాలి.

దీని కోసమే అమ్మాయికి ఇప్పుడే చెప్పమంటున్నాను. పిల్లలకు దిగులు కలిగించేది అంకెలు కాదు, పెద్దలు గదిలో మాటలు ఆపేయడం. సీటు వచ్చి, ఆశ పెంచుకున్నాక, మన వల్ల కాదని చెప్పడం ఆమెకు ఎంత కష్టమో ఊహించండి. మేము ఏడాదికి ఇంత పెట్టగలం, ఇంత అప్పు అవుతుంది, నీకు ఉద్యోగం వచ్చాక నెలకు ఇంత కట్టవలసి ఉంటుంది, తమ్ముడి చదువుకు ఇది తాకకూడదు అని అంకెలతో సహా చెప్పండి. ఇవి తెలిశాక ఏ సంస్థలకు దరఖాస్తు పెట్టాలో ఆమే ఆలోచిస్తుంది, స్కాలర్‌షిప్‌ల గడువులు వెతికే బాధ్యత కూడా తీసుకుంటుంది. స్కాలర్‌షిప్ వస్తే, అది ప్రతి ఏటా కొనసాగాలంటే ఎన్ని మార్కులు ఉండాలో చదవమనండి. మొదటి ఏడాదికే పరిమితమైన రాయితీని నాలుగేళ్ల లెక్కలో వేసుకోవడం ప్రమాదకరం.

ఈ 11 నెలలను ఆమెకు అలవాటు పడే కాలంగా వాడుకోండి. ఆమె పేరున ఖాతా తెరిచి, ఫోను, బట్టలు, ప్రయాణాల ఖర్చు నెల మొదట్లో అందులో వేసి, నెలాఖరు దాకా ఆమెనే నడపనివ్వండి. మధ్యలో అయిపోతే వెంటనే మళ్లీ వేయకండి. ఆ పొరపాటు ఇంట్లో ఉండగా జరగడమే మంచిది. దూరం వెళ్లాక కూడా విడత మొత్తం ఒకేసారి కాక నెలకోసారి పంపండి. కమీషన్ ఇస్తామంటూ మన ఖాతా గుండా డబ్బు పంపించుకునే మోసగాళ్లు కొత్తగా చేరిన విద్యార్థులను ప్రత్యేకంగా వెతుకుతారని, అందుకు ఒప్పుకున్న విద్యార్థి మీదే కేసు పడుతుందని, గది చూడకుండా అద్దె డిపాజిట్ పంపకూడదని ఆమెకు స్పష్టంగా చెప్పండి.

6 నెలల ఇంటి ఖర్చుకు సరిపడే అత్యవసర నిధిని ఈ లెక్కల్లో దేనికీ కలపవద్దు. మీ ఇద్దరిలో సంపాదించే ప్రతి ఒక్కరికీ టర్మ్ బీమా (నిర్ణీత కాలంలో మరణిస్తే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) ఉండాలి. దాని మొత్తంలో ఈ విద్యారుణం, అబ్బాయి చదువు ఖర్చు చేరాయో లేదో చూసుకోండి.

అబ్బాయి పేరున వేస్తున్న పొదుపును అక్క ఫీజుకు మళ్లించాలన్న ఒత్తిడి మూడో ఏట తప్పక వస్తుంది. ఆదాయం చాలకపోతే దాన్ని తగ్గించండి కానీ ఆపవద్దు. అతని ప్రవేశానికి 3 ఏళ్లు ఉందనగానే, అంటే అక్క రెండో ఏడాది పూర్తయ్యే సమయానికి, ఆ నిధిని కూడా ఈక్విటీలో నుంచి విడతలుగా తీయడం మొదలుపెట్టండి.