ఒత్తి పెంచినా వెలుగు పెరగదేం?

దీపాల మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ విడివిడిగా రాస్తే పేజీ చాలదు కాబట్టి ఒకే రకం సందేహాలను కలిపేశాను. మొదటి ఉత్తరం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతా వాటిలో సగం దాని పిల్లలే.

ప్రశ్న: సొంతంగా ఒక కిరసనాయిలు దీపం చేశాను. గాజు సీసా, దాని మూతలోంచి ఇత్తడి గొట్టం, అందులో అంగుళం వెడల్పు పట్టీ ఒత్తి, దాన్ని పైకీ కిందికీ జరపడానికి పళ్ళ చక్రం, బయట తిప్పే మర. పైన గాజు చిమ్నీ. కొంతవరకు తిప్పితే వెలుగు బాగానే పెరుగుతోంది. ఆ తర్వాత ఎంత తిప్పినా మంట ఎర్రబడి, పొగ చూరి, చిమ్నీ నల్లబడుతోంది. ఇంకా వెడల్పు ఒత్తి వేయమంటారా?

జవాబు: వద్దు. ఇంకా వెడల్పు ఒత్తి వేస్తే ఇంకా వెడల్పుగా పొగ వస్తుంది, అంతే. మీరు ఆ మరను వెలుగు మర అనుకుంటున్నారు, నిజానికి అది నూనె మర. తిప్పినప్పుడల్లా గొట్టం పైన ఒత్తి ఇంకాస్త బయటపడి, ఆవిరయ్యే నూనె పెరుగుతుంది. గాలి మాత్రం మీరు ఎన్ని బెజ్జాలు పెట్టారో వాటిలోంచే రావాలి కదా. నూనె పెరిగి, గాలి దానికి తగ్గట్టు పెరక్కపోతే మిగిలేది మసి.

ఇక్కడో తమాషా ఉంది. ఆ మసి పూర్తిగా మన శత్రువేం కాదు, పసుపు మంటలో వెలిగేదే అది. నూనె ఆవిరి వేడికి విరిగిపోయి సన్నటి కర్బన రేణువులు పుడతాయి, అవి కణకణలాడుతూ వెలుగిస్తాయి, మంట అంచుకు చేరేసరికి గాలి తగిలి కాలిపోతాయి. మైకేల్ ఫారడే కొవ్వొత్తి గురించి పిల్లలకు చేసిన ప్రసంగాల్లో చెప్పింది ఇదే. మీరూ చూడొచ్చు. చిమ్నీ తీసి, ఒత్తి బాగా తగ్గించి, స్టీలు చెంచా వీపును మంట మధ్యలో ఒక్క క్షణం పెట్టి తీయండి, నల్లటి మచ్చ పడుతుంది. అదే చెంచా తుడిచి మంట కొసకు కాస్త పైన పెట్టండి. ఒత్తి తక్కువగా ఉంటే దాదాపు ఏమీ పడదు, పెంచుతూ పోతే ఒక దగ్గర ఉన్నట్టుండి మసి మొదలవుతుంది. కాలాల్సిన రేణువులు కాలకుండా తప్పించుకుపోవడం మొదలైంది అక్కడే. చిమ్నీ లేని మామూలు బుడ్డి దీపాల మీద 2012లో అచ్చయిన కొలతల ప్రకారం, కాలిన కిరసనాయిల్లో 7 నుంచి 9 శాతం దాకా మసిగానే గాల్లో కలుస్తోంది. ఊపిరితిత్తుల మాట అటుంచి, అంత నూనె పూర్తిగా కాలకుండానే పోతోందన్నమాట.

కాబట్టి మీరు చెయ్యి పెట్టాల్సింది ఒత్తి మీద కాదు, గాలి మీద. ఈ సంగతి బాగా పట్టుకున్నవాడు జెనీవాలో పుట్టిన ఎమే ఆర్గాండ్. 1780 ప్రాంతంలో ఆయన ఒత్తిని గొట్టంలా చేసి, ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు లోహపు గొట్టాల మధ్య నిలబెట్టాడు. దాంతో మంటకు బయటి నుంచే కాకుండా మధ్యలోంచి కూడా గాలి అందింది. పైన చిమ్నీ పెట్టేసరికి ఆ గాలి ఇంకా జోరుగా లాగింది. 1784లో ఇంగ్లండులో పేటెంటు వచ్చింది. కానీ పారిస్‌లో కెంకే అనే మందుల దుకాణదారు చిమ్నీ ఆలోచన తనదని గొడవకు దిగాడు, చివరికి ఫ్రెంచివాళ్ళు ఆ దీపానికి కెంకే పేరే పెట్టుకున్నారు. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది!

మీకు గుండ్రటి ఒత్తి అక్కర్లేదు. పట్టీ ఒత్తికి ఆ పని చేసిపెట్టేది టోపీ. ఒత్తి గొట్టం మీద బోర్లించినట్టుండే రేకు గుమ్మటం, దాని నడినెత్తిన పొడవాటి చీలిక. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు కాబట్టి మీ దీపానికి లేదనే అనుకుంటున్నాను, అయితే మొదటి లోపం అదే. కింది బెజ్జాల్లోంచి వచ్చిన గాలిని టోపీ రెండు వైపుల నుంచీ వంచి, సరిగ్గా మంట పాదానికి తగిలేలా తోస్తుంది. ఒత్తి గొట్టం మూతి చీలికకు కొద్ది మిల్లీమీటర్లు కిందనే ఉండాలి. చీలిక మరీ వెడల్పయితే గాలి మంటకు తగలకుండా పక్కనుంచి జారిపోతుంది, మరీ ఇరుకైతే మంట రేకును నాకి మసి పట్టిస్తుంది. ముందు పల్చటి రేకుతో ఒకటి చేసి, చీలికను ఆకురాయితో కొంచెం కొంచెంగా పెంచుకుంటూ చూడండి. తక్కువ నుంచి ఎక్కువకు వెళ్ళొచ్చు కానీ ఎక్కువ నుంచి వెనక్కి రాలేం.

తర్వాత చిమ్నీ పాదం. చిమ్నీ కింద సందులుంటే అది బెజ్జాల్లోంచి కాకుండా ఆ సందుల్లోంచి గాలి పీల్చుకుంటుంది, ఆ గాలి మంటకు దూరంగా గాజు వెంబడే పైకి పోతుంది, వెలుగుకు పైసా ఉపయోగం లేదు. దీపం వెలుగుతుండగా, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్లను చిమ్నీ పాదం చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ సర్రున లోపలికి పోతుందో అక్కడ గాలి దొంగ ఉన్నాడు. చిమ్నీ కూర్చునే గట్టును సరిచేస్తే ఒక్కోసారి ఇంకేమీ మార్చకుండానే మంట తెల్లబడుతుంది.

చిమ్నీ పొడవు పెంచినా గాలి లాగుడు పెరుగుతుంది కానీ ఆశపడొద్దు. ఎత్తు రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు కాదు, లెక్క ప్రకారం సుమారు 1.4 రెట్లే. పైగా గాలి ఎక్కువైనా చిక్కే, మంట పొట్టిగా, నీలంగా మారి వెలుగు తగ్గుతుంది, రెపరెపలాడుతుంది. మంట భుజాల దగ్గర చిమ్నీ కాస్త సన్నబడితే గాలి మంటకు దగ్గరగా రాసుకుంటూ పోతుంది. పాత చిమ్నీల నడుము అలా నొక్కినట్టుండేది అందం కోసం కాదు.

ఇవన్నీ ఒకేసారి మార్చకండి. ఒక్కోటి మార్చి, మసి మొదలయ్యే ముందు మంట ఎంత ఎత్తు లేస్తోందో స్కేలుతో కొలిచి రాసుకోండి. మీ దీపం బాగుపడుతోందా లేదా అనేదానికి అదే కొలబద్ద. కొత్త చిమ్నీతో వెలిగించినప్పుడు ఒత్తి తగ్గించి రెండు మూడు నిమిషాలు గాజు వేడెక్కనిచ్చి, అప్పుడు పెంచండి. నేను తొందరపడి, తడిగుడ్డతో తుడిచిన చిమ్నీని సరిగ్గా ఆరకుండానే మంట మీద పెట్టి, టప్పుమన్న చప్పుడు విన్నవాణ్ణి.

ఇక మీరడిగిన వెడల్పు ఒత్తి. వెలుగు ఇంకా కావాలంటే దానికంటే మంచి దారి, రెండు పట్టీ ఒత్తుల్ని పక్కపక్కన దగ్గరగా పెట్టడం. 1865లో బర్మింగ్‌హామ్‌లో హింక్స్ వాళ్ళు డూప్లెక్స్ బర్నరు చేసింది అలాగే. రెండు మంటలు ఒకదాన్నొకటి వేడెక్కించుకుని, వాటి మధ్య సందులోంచి కూడా గాలి లాగుతాయి. కాకపోతే రెండు ఒత్తులకు రెండు మరలు, రెట్టింపు నూనె, రెట్టింపు తలనొప్పి. ముందు ఒక్కదాన్ని దారికి తెచ్చుకోండి.

ప్రశ్న: ఇదే రకం మర దీపంలో కిరసనాయిలు బదులు వంట నూనె పోశాను. నిండుగా ఉన్నప్పుడు వెలిగింది, నూనె కొంచెం దిగగానే మంట నీరసించిపోయి ఒత్తి బొగ్గయింది. మర తిప్పినా లాభం లేదు. ఎందుకు?

జవాబు: చిక్కదనం. మామూలు గది వేడిమిలో వంట నూనెలు కిరసనాయిలు కంటే 30 రెట్లకు పైగా చిక్కగా ఉంటాయి. ఒత్తి దారాల మధ్య సందులు రెండిటినీ పైకి లాగగలవు, సమస్య ఎంత ఎత్తుకు అని కాదు, ఎంత వేగంగా అని. మంట తాగే వేగంతో కింది నుంచి నూనె రాకపోతే మంట ఒత్తినే తినేస్తుంది. నిజానికి నూనె సమృద్ధిగా అందుతున్నంతసేపూ ఒత్తి పెద్దగా కాలదు, ఆవిరయ్యే నూనె దాన్ని చల్లగా ఉంచుతుంది. అంచేత కొస బొగ్గవుతోందంటే ఒత్తి దాహంతో ఉందని అర్థం. అప్పుడు మర పైకి తిప్పితే నూనె ఇంకా ఎక్కువ దూరం ఎక్కాలి, జబ్బు ముదురుతుంది.

వంట నూనె దీపానికి మంటకూ నూనె మట్టానికీ మధ్య దూరం రెండు మూడు సెంటీమీటర్లు దాటకుండా చూడండి. అంటే పొడవాటి సీసా పనికిరాదు, వెడల్పుగా, లోతు లేకుండా పళ్ళెంలాంటి పాత్ర కావాలి, అందులో అరచెంచా ఖర్చయినా మట్టం పెద్దగా పడదు. లేదా కోడిపిల్లలకు నీళ్ళు పెట్టే డబ్బా గుర్తు తెచ్చుకోండి. బోర్లించిన సీసా, కింద చిన్న తొట్టి, తొట్టిలో మట్టం తగ్గితే సీసాలోకి ఓ బుడగ వెళ్ళి కొంత నూనె దిగుతుంది. ఆర్గాండ్ దీపాల్లో పక్కన వేలాడే తొట్టి ఈ కిటుకుతోనే పనిచేసేది, కానీ దాని నీడ ఒక పక్కంతా పడేది. మన సామెత దీపం కింద చీకటి అంటుంది, వీళ్ళది దీపం పక్క చీకటి. ఆ నీడ తప్పించడానికి తొట్టిని మంట చుట్టూ ఉంగరంలా పెట్టి, లాటిన్‌లో ‘నీడ లేనిది’ అని అర్థం వచ్చేలా సైనంబ్రా అని పేరు పెట్టిన దీపాలు కూడా వచ్చాయి.

ఇంకా మొండివాళ్ళు నూనెను కింది నుంచి తోశారు. 1800లో కార్సెల్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు దీపం అడుగున గడియారం యంత్రంతో నడిచే పంపు పెట్టాడు. బ్రహ్మాండంగా వెలిగేది, చెడిపోతే బాగుచేయడానికి గడియారాల మేస్త్రీ కావాలి. 1837లో ఫ్రాంషో పంపు తీసేసి, ఒక స్ప్రింగు నొక్కే బిళ్ళతో సరిపెట్టాడు. నన్నడిగితే ఫ్రాంషోదే గొప్ప. కిరసనాయిలు వచ్చాక ఈ తంటాలన్నీ ఒక్కసారిగా అనవసరమయ్యాయి, పల్చటి నూనె ఒత్తిలో తనంతట తనే ఎక్కేస్తుంటే పంపులెవరికి కావాలి?

ప్రశ్న: మర తిప్పితే ఒత్తి ఒక పక్కే లేస్తోంది, మంటకు కొమ్ములు వస్తున్నాయి. కొన్నాళ్ళకు చక్రం ఊరికే తిరుగుతోంది, ఒత్తి కదలడం లేదు.

జవాబు: అంగుళం ఒత్తికి మధ్యలో ఒక్క చక్రం పెట్టి ఉంటారు. అది మధ్యను తోస్తుంది, అంచులు గొట్టానికి రాసుకుని వెనకబడతాయి. ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు, ఒక్కోటీ అంచుకు దగ్గరగా పెట్టండి. పళ్ళు ఒత్తిలోకి దిగాలి గానీ అవతలికి పొడుచుకు రాకూడదు, ఊరికే తిరుగుతోందంటే ఒకే చోట గీకి గీకి దారాల్ని పీచు చేసేశాయన్నమాట. నూనెలో తడిశాక ఒత్తి కాస్త ఉబ్బుతుంది, గొట్టం కొలత తడి ఒత్తితోనే చూసుకోండి. బలవంతంగా దూర్చాల్సి వస్తే నూనె ఎక్కే సందులు కూడా నలిగిపోతాయి. ఇక కొమ్ములకు మందు కత్తెర. ఒత్తి కొసను అడ్డంగా తిన్నగా కత్తిరించి, రెండు మూలల్నీ ఒక దారం మందం చెక్కేయండి. మరకు పైనా కిందా ఆపు పెట్టడం మరిచిపోవద్దు, లేకపోతే ఎవరో ఒకరు కిందికి తిప్పేసి ఒత్తిని నూనెలో పడేస్తారు, చీకట్లో వేళ్ళతో వెతకాలి. ఆర్పాక ఒత్తిని గొట్టం మూతికంటే కిందికి దించండి, దీపం ఒళ్ళంతా నూనె చెమట పట్టడం చాలావరకు ఆగుతుంది.

ప్రశ్న: గాజు నార ఒత్తి వేస్తే కత్తిరించే బాధ ఉండదట, నిజమా?

జవాబు: చాలావరకు నిజం, అది కాలదు. కానీ నూనెలోని జిగురు కొసన పేరుకుని సందులు మూసుకుపోతాయి, అప్పుడప్పుడు శుభ్రం చేయాలి. పళ్ళ చక్రం కింద దాని పోగులు తెగుతాయి కూడా. మర దీపానికి నా ఓటు నూలుకే.

ప్రశ్న: మంట చురుగ్గా రావడానికి కిరసనాయిల్లో కొంచెం పెట్రోలు కలపొచ్చా?

జవాబు: వద్దు, చెంచాడు కూడా వద్దు. కిరసనాయిలు 38 డిగ్రీల సెల్సియస్ పైన గానీ అంటుకునేంత ఆవిరినివ్వదు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు కిందే ఇచ్చేస్తుంది. అంటే సీసాలో నూనె పైన ఉన్న ఖాళీ అంతా మంటకు రెండంగుళాల దూరంలో సిద్ధంగా ఉన్న బాంబు. చురుకుదనం కావాలంటే పైన గాలి గురించి రాసింది ఇంకోసారి చదవండి.

ప్రశ్న: నూనె తగ్గినకొద్దీ ఒత్తి తనంతట తనే జరిగేలా చేయొచ్చా?

జవాబు: ఈ ఆలోచన మీకంటే 1100 ఏళ్ళకు పైగా పాతది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో బనూ మూసా సోదరులు రాసిన యంత్రాల పుస్తకంలో ఒత్తి తనే ముందుకు జరిగే దీపమూ ఉంది, నూనె తనే నింపుకునే దీపమూ ఉంది. మీరు చేయాలనుకుంటే నూనె మీద తేలే బెండును ఇరుసుకు దారంతో కట్టి చూడండి, మట్టం దిగితే బెండు దిగుతుంది, దాని బరువుకు చక్రం తిరుగుతుంది. తేలేది మరీ తేలికైతే చక్రాన్ని తిప్పలేదు, దానికి కాస్త బరువు కట్టాల్సి వస్తుంది. అయితే కిరసనాయిలు దీపంలో దీని అవసరం నాకు కనబడదు, ఒత్తి అంతగా తరిగిపోదు కాబట్టి. వంట నూనె దీపంలోనైతే మట్టాన్నే కదలకుండా పట్టి ఉంచడం సులువు.

మొదటి ఉత్తరం రాసిన పాఠకుడికి ఒక మాట: టోపీ చేశాక ఒత్తి గొట్టం వెడల్పు, చీలిక వెడల్పు, చిమ్నీ అడుగు వ్యాసం, మసి మొదలయ్యే ముందు మంట ఎత్తు, ఈ నాలుగూ మిల్లీమీటర్లలో రాసి పంపండి. ఫోటో కంటే అవే నాకు ఎక్కువ పనికొస్తాయి.