నల్ల ఇసుకలోకి దిగబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

లెంబే వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "అన్నయ్యా, ఇది అంత డబ్బు పోసి బురద చూడ్డానికి పోతోందిట" అని ఒకటే నవ్వు. నవ్వనీలే. దాని పేరే మక్ డైవింగ్, అంటే బురద డైవింగ్: సముద్రం అడుగున బురదలో, ఇసుకలో దాక్కున్న చిన్న జీవాల్ని వెతుక్కోవడం. ఇండోనేషియాలో బిటుంగ్ రేవు ముందర, సులవేసికీ లెంబే దీవికీ మధ్య సన్నటి జలసంధి అది. చుట్టుపక్కల అగ్నిపర్వతాల పుణ్యమా అని అడుగంతా నల్ల ఇసుక. నేను మొదటిసారి దిగినప్పుడు ఇరవై నిమిషాల్లో చూసినవి ఒక టైరూ, రెండు సీసాలూ, ఒక ఒంటి చెప్పూ. గైడ్ చేతిలోని స్టీలు పుల్లతో ఒకేచోట చూపిస్తున్నాడు, నేనేమో ఆ పుల్లనే చూస్తున్నాను. చివరికి నేను నాచు ముద్ద అనుకున్నది నోరు బార్లా తెరిచి ఆవలించింది. హెయిరీ ఫ్రాగ్‌ఫిష్, ఒంటినిండా వెంట్రుకల్లాంటి పోగులున్న చేప!

మీ అమ్మమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరడం చూశావు కదా. చేటంతా ఒక్కసారి చూసేది కాదు. గుప్పెడు పరిచి, చూసి, పక్కకి నెట్టేది. అక్కడా అంతే. చేటంత ఇసుక ఎంచుకుని దాని మీదే కళ్ళు నిలుపు. జంతువు కోసం వెతక్కు. కన్ను కోసం, నోరు కోసం, కుడీ ఎడమా ఒక్కలా ఉన్న ఆకారం కోసం వెతుకు. నీటి ఊపు ఆగాక కూడా ఊగుతోందంటే అది నాచు కాదు. దాక్కోవడానికి రాయి కూడా లేనిచోట జంతువే రాయో ఆకో అయిపోవాలి మరి. ఆ ఫ్రాగ్‌ఫిష్ నుదుటి మీద సన్నటి కాడ, కాడ చివర పురుగులాంటి ఎర. దాన్ని ఆడిస్తూ కదలకుండా కూర్చుంటుంది. చేప దగ్గరికొస్తే రెప్పపాటు కూడా పట్టదు, మింగేస్తుంది. కొబ్బరి చిప్పలు మోసుకెళ్ళి, అవసరమైతే వాటిని మూసుకుని లోపల కూర్చునే ఆక్టోపస్ కూడా ఆ ప్రాంతంలో ఉంటుంది. అది సాధనం వాడటమేనని 2009లో శాస్త్రవేత్తలు రాశారు. అందుకే చిప్ప కనిపించినా, సీసా కనిపించినా చెత్త అని కదపకు. ముందు లోపలికి తొంగి చూడు.

ఇక నీ కాళ్ళు. కిందకీ పైకీ తన్నావంటే మెత్తటి ఇసుక పొగలా లేచి, నీకే కాదు, వెనకవాళ్ళకీ ఏమీ కనపడదు. మోకాళ్ళు మడిచి, ఫిన్స్, అదే కాళ్ళకి తొడిగే తెడ్లు, పైకెత్తి, కప్ప ఈతలా పక్కలకి తోయాలి. రెండో రోజు ఆకులా కనిపించే ఘోస్ట్ పైప్‌ఫిష్ అనే చేపల జంట ముందు నేను అలవాటుగా ఒక్క తన్ను తన్నాను. వెనక నలుగురు కెమెరాలు పట్టుకుని వంతు కోసం ఆగి ఉన్నారు. పడవెక్కాక గంటసేపు నాతో ఎవరూ మాట్లాడలేదు! వెళ్ళేముందు స్విమ్మింగ్ పూల్‌లో అడుగుకి జానెడు ఎత్తున, చేతులు కట్టుకుని, ఊపిరితోనే తేలడం సాధన చెయ్యి. మోకాళ్ళ మీద కూర్చోవద్దు, చెయ్యి ఆనించవద్దు. ఇసుకలో కలిసిపోయి స్టోన్‌ఫిష్, అంటే రాయిలా కనిపించే విషపు చేప, ఉండొచ్చు. దాని ముళ్ళు గుచ్చుకుంటే భరించగలిగినంత వేడినీళ్ళలో ఆ భాగం ముంచి, వెంటనే వైద్యుడి దగ్గరికి పోవాలి. నీలి వలయాల ఆక్టోపస్ అరచేతిలో పట్టేంతే, కానీ దాని విషానికి విరుగుడు మందు లేదు.

పుల్ల ఇస్తారు. అది నిలదొక్కుకోవడానికే, పొడవడానికి కాదు. ఆక్టోపస్‌కి చుట్టమైన ఫ్లాంబోయెంట్ కటిల్‌ఫిష్ ఊదా, పసుపు రంగులు మెరిపిస్తూ నడుస్తుంటే చాలామంది మురిసిపోయి ఇంకా మీదమీదకి పోతారు. హాయిగా ఉన్నప్పుడు అది ఇసుక రంగులోనే ఉంటుంది. ఆ మెరుపు చాలాసార్లు బెదురే. అందమైన ఫోటోల్లో సగం బెదిరిన జీవాలవేనని నా అనుమానం. మొదటి రెండు రోజులు కెమెరా గదిలోనే వదిలెయ్. కోపం రాకూడదు మరి.

నీళ్ళు వెచ్చనే అంటారు, నమ్మకు. గంటకు పైగా కదలకుండా ఉంటే వణుకు పుడుతుంది. 5 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్, అంటే ఒంటికి వెచ్చగా ఉంచే డైవింగ్ దుస్తులు, తీసుకో. గాలి ట్యాంకులో పీడనం 50 బార్ మిగిలేలోపే పైకొచ్చేలా చూసుకో, వచ్చేటప్పుడు 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగు. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచు.

గైడ్‌కి జాబితా ఇవ్వకు. "ఈరోజు నీకు చూడాలనిపించేది చూపించు" అని అడుగు. నాకు వేలిగోరంత పిగ్మీ సముద్రపు గుర్రం అలాగే దొరికింది.

నా పాత వెట్‌సూట్ టోపీ మీ అమ్మతో పంపుతున్నాను. ఎడమ చెవి దగ్గర కాస్త చిరిగింది, రెండు కుట్లు వేసుకో.

మీ పెదమామయ్య